మెరుపు ఫొటోకు ఏది మేలు: తెరిచి ఉంచిన షట్టరా, ట్రిగ్గరా?

ఏటా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండకు తూర్పు కనుమల మీద లేచిన క్యుములోనింబస్ మేఘాలు పొద్దువాలే సరికి విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మైదానాల మీదికి దిగివస్తాయి. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో బంగాళాఖాతం మీద, ఉరుము కూడా వినిపించనంత దూరంలో, గంటల తరబడి మెరుపులు వెలుగుతూనే ఉంటాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగుపాట్లు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు అప్పట్లో ప్రకటించారు. రాష్ట్రమంతటినీ కలిపి లెక్కిస్తే ఇంచుమించు ప్రతి ఒకటింబావు సెకనుకు ఒకటి పడినట్లు. అయినా మన లెన్సు చూసేది ఆకాశంలో ఒక మూలను మాత్రమే కనుక, ఆ మూలలో మెరిసిన క్షణాన షట్టర్ (కెమెరా లోపలికి కాంతిని వదిలే తెర) తెరిచి ఉండేలా చూసుకోవడమే ఫొటోగ్రాఫర్ పని అంతా.

ఆ పనికి నేడు అందుబాటులో ఉన్న మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది, కెమెరాను ట్రైపాడ్ మీద నిలిపి, పది ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్లను (అంతసేపు షట్టర్ తెరిచి తీసే ఫొటోలను) ఒకదాని వెంట ఒకటిగా ఆపకుండా తీస్తూపోవడం. రెండోది, మెరుపు వెలుగును పసిగట్టి తానే షట్టర్‌ను తెరిపించే ట్రిగ్గర్ అనే పరికరాన్ని కెమెరా పైన ఫ్లాష్ అమర్చే హాట్‌షూ మీద బిగించడం. వీటి పక్కన ప్రీ క్యాప్చర్, లైవ్ కాంపోజిట్, వీడియో నుంచి ఫ్రేము తీసుకోవడం వంటి కొత్త పద్ధతులు ఉన్నాయి. నా తీర్పు ముందే చెబుతాను: చీకటి పడిన తరువాత మొదటి పద్ధతికి సాటి లేదు, ట్రైపాడ్ కాక దానికి కావలసింది కొద్ది వందల రూపాయల వైరు రిమోట్ మాత్రమే, పగటి వెలుగులో మాత్రం ట్రిగ్గర్ లేకుండా పని జరగడం కష్టం. చాలామంది ట్రిగ్గర్ కొని, దానిని రాత్రి వాడి, కొమ్మలు లేని బోసి గీతలు వచ్చాయని నిరాశపడుతుంటారు. అందుకు కారణం పరికరంలో లోపం కాదు, మెరుపు స్వభావమే అలాంటిది.

మెరుపు లోపల జరిగేది

కంటికి ఒక్క వెలుగుగా కనిపించే మెరుపు, నిజానికి సుమారు అర సెకను లోపల జరిగిపోయే కొన్ని ఘటనల వరుస. మేఘం నుంచి విద్యుదావేశం మెట్లు మెట్లుగా, అటూ ఇటూ కొమ్మలు చాస్తూ నేలవైపు దిగుతుంది. ఆ దిగుడుకు కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది, దాని వెలుగు చాలా మసక. అది నేలను అందుకున్న మరుక్షణం ఆ దారి వెంట భారీ విద్యుత్తు ఒక్కసారిగా పరుగెత్తి, ప్రధాన మార్గమూ దాని కొమ్మలూ కలిసి భగ్గుమంటాయి. ఇది మొదటి దెబ్బ. ఆ తరువాత అదే ప్రధాన మార్గంలో, 50 మిల్లీసెకన్లకు కొంచెం అటూ ఇటూ ఎడంతో, మరో రెండు మూడు దెబ్బలు పడటం మామూలు. మెరుపు రెపరెపలాడినట్లు మనకు తోచేది ఇందువల్లనే. అయితే రెండో దెబ్బ నుంచి కొమ్మలు సాధారణంగా వెలగవు. అవి మొదటి దెబ్బతోనే ఆరిపోతాయి.

ఈ సంగతి లోకానికి తెలిసింది కూడా కెమెరా వల్లనే. 1882లో ఫిలడెల్ఫియాలో విలియం జెన్నింగ్స్ గాజు పలక మీద మెరుపును ఫొటో తీసినప్పుడు అది ఒక ఆకారంగా మాత్రమే కనిపించింది. 1900 ప్రాంతంలో చార్లెస్ వెర్నన్ బాయ్స్ తిరిగే లెన్సులతో ఒక కెమెరాను రూపొందించగా, 1930లలో దక్షిణాఫ్రికాలో బాసిల్ షోన్‌లాండ్ బృందం ఆ తరహా కెమెరాలతోనే మెరుపు మెట్లు మెట్లుగా దిగే తీరును పట్టుకుంది. ఏ పద్ధతి మంచిదో తేల్చుకోవడానికి మనకు కావలసిన మొదటి ఆధారం ఇక్కడే ఉంది: ఫొటోకు అందం తెచ్చే కొమ్మలు మొదటి దెబ్బలోనివి, కాబట్టి ఆ దెబ్బ పడేసరికే షట్టర్ తెరిచి ఉండాలి.

రెండో ఆధారం ఎక్స్‌పోజర్‌కు సంబంధించినది. ఒక్కో దెబ్బ మిరుమిట్లు గొలిపేది సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే కనుక, షట్టర్ పావు సెకను తెరిచినా ఇరవై సెకన్లు తెరిచినా సెన్సర్ మీద ఆ గీత కాంతి ఇంచుమించు ఒక్కటే. పెళ్లి ఫొటోల్లో ఫ్లాష్ వాడేవారికి ఈ సూత్రం కొత్త కాదు. మెరుపు గీత ఎంత కాంతిగా రావాలో నిర్ణయించేవి ఎపర్చర్ (లెన్సులో కాంతి దూరే రంధ్రం పరిమాణం, ఎఫ్/ పక్కన అంకె పెద్దదయ్యే కొద్దీ రంధ్రం చిన్నది), ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ చూపే సున్నితత్వం). వెనుక ఉన్న ఆకాశమూ ఊరి దీపాలూ ఎంత వెలుగుగా రావాలో నిర్ణయించేది వాటితోపాటు షట్టర్ వేగం, అంటే అది తెరిచి ఉండే సమయం. ఈ రెంటినీ విడదీసి ఆలోచించగలిగినవారికి మిగిలిన సెట్టింగులు వాటంతటవే అర్థమవుతాయి.

షట్టర్‌ను తెరిచి ఉంచడం

రాత్రివేళ 10 నుంచి 15 కిలోమీటర్ల దూరంలోని మెరుపులకు ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మంచి ప్రారంభం. మేఘం దగ్గరపడే కొద్దీ ఎఫ్/11కు, అవసరమైతే ఇంకా పైకి పోవాలి. లేకుంటే గీత ఉబ్బి తెల్లటి పట్టీలా మారి, దాని చుట్టూ ఉన్న సన్నని వివరం పోతుంది. షట్టర్ సమయాన్ని ఊరి వెలుగును బట్టి ఎంచుకోవాలి. పల్లెల్లో 30 సెకన్లు హాయిగా సరిపోతుంది. నగరంలోని అపార్టుమెంటు బాల్కనీ నుంచి తీస్తే వీధి దీపాల వెలుగు మేఘాల అడుగున పడి ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది కనుక 8 నుంచి 10 సెకన్లకు మించకపోవడమే మేలు.

ఈ పద్ధతిలో మెరుపులు చేజారేవి ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ నడుమ ఉండే ఖాళీలో. కెమెరాను వరుసగా తీస్తూపోయే కంటిన్యువస్ డ్రైవ్‌లో పెట్టి, వైరు రిమోట్ మీటను నొక్కి ముందుకు జరిపి బిగిస్తే, ఒక ఎక్స్‌పోజర్ ముగిసిన వెంటనే మరొకటి మొదలవుతుంది. నడుమ పోయేది సెకనులో చిన్న భాగమే. నిర్ణీత వ్యవధికోసారి ఫొటో తీసే ఇంటర్వెల్ టైమర్‌ను కెమెరాలో వాడేవారు మాత్రం దాని లెక్కను సరిచూసుకోవాలి. 20 సెకన్ల ఎక్స్‌పోజర్‌కు 22 సెకన్ల విరామం (ఒక ఫొటో మొదలైనప్పటి నుంచి తరువాతిది మొదలయ్యేదాకా) పెడితే ప్రతి 22 సెకన్లలో రెండు సెకన్లు, అంటే 9 శాతం సమయం, షట్టర్ మూసే ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, చాలా కెమెరాల్లో 30 సెకన్లని చూపించే షట్టర్ వేగం నిజానికి 32 సెకన్లు. దాని మీద 31 సెకన్ల విరామం పెట్టినవారికి కొన్ని కెమెరాల్లో ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేమే దక్కుతుంది. ఎందుకిలా జరిగిందో తెలియక కార్డును తప్పుపట్టేవారూ ఉంటారు.

వీటన్నిటి కన్నా పెద్ద నష్టం ఫొటోలోని చుక్కల మచ్చలను తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే మెనూ ఐచ్ఛికం వల్ల జరుగుతుంది. అది ఆన్‌లో ఉంటే 20 సెకన్ల ఫొటో తీసిన తరువాత కెమెరా మరో 20 సెకన్లు షట్టర్ మూసుకుని చీకటి ఫ్రేమును తీసుకుంటుంది. గాలివానలో సగం అలా వ్యర్థమవుతుంది. నక్షత్రాల ఫొటోలకు అలవాటుపడినవారి కెమెరాల్లో ఇది తరచు ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందే చూసుకోవడం మంచిది.

ఈ పద్ధతికి ఉన్న న్యాయమైన విమర్శ ఒక్కటే, ఏరుకునే చాకిరీ. 20 సెకన్ల చొప్పున గంటకు 180 ఫైళ్లు వస్తాయి. కెమెరా మెరుగులు దిద్దకుండా దాచే రా ఫైలు ఒక్కోటి 25 నుంచి 30 మెగాబైట్లు అనుకుంటే గంటకు ఇంచుమించు 5 గిగాబైట్లు. అందులో అధిక భాగం ఖాళీ ఆకాశమో, మేఘం లోపలే వెలిగి మాయమైన మెరుపో అవుతుంది. మెరుపుల్లో ఎక్కువ శాతం నేలకు దిగనే దిగవు. అయితే ఖాళీ ఫ్రేములు చెరిపివేయడానికి అరగంట చాలు. తప్పిపోయిన మొదటి దెబ్బను తెచ్చిపెట్టే ఉపాయం ఏదీ లేదు.

ట్రిగ్గర్ చేసేదీ చేయలేనిదీ

ట్రిగ్గర్ లోపల ఒక కాంతి గ్రాహకం ఉంటుంది. అది నిలకడగా ఉన్న వెలుగును పట్టించుకోకుండా, హఠాత్తుగా పెరిగిన వెలుగును మాత్రమే గుర్తించి, కెమెరా రిమోట్ సాకెట్ ద్వారా షట్టర్‌కు సంకేతం పంపుతుంది. ట్రిగ్గర్ స్పందన చాలా వేగంగా ఉంటుంది, జాప్యమంతా కెమెరాది. అద్దం పైకి లేవవలసిన డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మోడలును బట్టి 50 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌ను (ఎక్స్‌పోజర్‌ను యాంత్రిక తెరతో కాక సెన్సర్‌తోనే మొదలుపెట్టే ఏర్పాటును) ఆన్ చేస్తే ఇది బాగా తగ్గుతుంది. ఆటోఫోకస్ పొరపాటున ఆన్‌లో ఉన్నా, బ్యాటరీ ఆదా కోసం కెమెరా నిద్రలోకి జారుకున్నా ఆ జాప్యం అనేక రెట్లవుతుంది.

పైన చెప్పుకున్న వరుసను ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి దెబ్బ వెలుగుకు మేల్కొన్న ట్రిగ్గర్, 70 మిల్లీసెకన్ల జాప్యం ఉన్న కెమెరాకు సంకేతమిస్తే, షట్టర్ తెరుచుకునే సరికి మొదటి దెబ్బ ఎలాగూ ముగిసిపోయింది, రెండోది కూడా చాలాసార్లు ముగిసే ఉంటుంది. దక్కేది మూడోది, నాలుగోది. అంటే కొమ్మలు లేని ప్రధాన మార్గం. మొదటి దెబ్బతోనే ఆగిపోయే మెరుపులైతే అసలే దక్కవు. ధనావేశాన్ని నేలకు దించే మెరుపులు, తరచు వాన కురిసే ప్రాంతానికి దూరంగా పడే శక్తిమంతమైనవి, ఎక్కువగా ఇలాంటి ఒంటి దెబ్బ మెరుపులే. నేలకు దిగకముందే మేఘం లోపల ఆ మెరుపు వెలిగి ట్రిగ్గర్‌ను ముందుగా మేల్కొలిపిన సందర్భాల్లో మొదటి దెబ్బ కొమ్మలతో సహా దక్కిన ఫొటోలు లేకపోలేదు, కాని దానిని అదృష్టం కిందే జమకట్టాలి.

నగరంలో రాత్రిపూట ట్రిగ్గర్‌కు ఇంకో బెడద ఉంది. మలుపు తిరిగే లారీ హెడ్‌లైట్లు, మినుకుమనే దుకాణం బోర్డులు, పక్క బాల్కనీలో ఎవరో ఫోను ఫ్లాష్‌తో తీసే ఫొటోలు, వీటన్నిటికీ అది ఉలిక్కిపడుతుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్లు, మెరుపు ఎక్కడో మెరిస్తే కెమెరా ఇంకెక్కడో ఫొటో తీస్తుంది: లెన్సు చూడని దిక్కున మెరిసిన మెరుపు వెలుగు కూడా ఎదుటి మేఘాల మీద ప్రతిఫలించి ట్రిగ్గర్‌ను లేపుతుంది కదా. సున్నితత్వాన్ని తగ్గిస్తే దూరపు మెరుపులు పోతాయి, పెంచితే ఖాళీ ఫ్రేములు పెరుగుతాయి. ఏరుకునే చాకిరీ తప్పుతుందని ట్రిగ్గర్ కొన్నవారికి ఆ చాకిరీ కొంత తగ్గుతుందే కాని తప్పదు.

పగటి వెలుగులో తీర్పు ఎందుకు తిరగబడుతుంది

సాయంత్రం నాలుగైదు గంటలకు నల్లటి మేఘం కమ్ముకున్న ఆకాశానికి ఐఎస్ఓ 100, ఎఫ్/11 వద్ద పావు సెకను ఎక్స్‌పోజర్ సరిపోయిందనుకుందాం. షట్టర్‌ను ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచాలని ఆశపడి ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (కాంతిని తగ్గించే ముదురు అద్దం, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) బిగిస్తే, వెలుగు 64వ వంతుకు పడిపోతుంది కనుక ఎక్స్‌పోజర్ 16 సెకన్లకు పెరుగుతుంది. ఆకాశం అప్పుడు కూడా అంతే వెలుగుగా వస్తుంది, ఎందుకంటే తగ్గిన కాంతిని అదనపు సమయం పూడ్చింది. మెరుపు గీతకు మాత్రం ఆ అదనపు సమయంతో పని లేదు. అది వెలిగేది క్షణకాలమే, దానిలోనూ 64వ వంతే సెన్సర్‌ను చేరుతుంది. అలా ఆకాశంతో పోలిస్తే గీత 64 రెట్లు పలచనై, బూడిదరంగు మేఘం మీద వెంట్రుకలా మిగిలిపోతుంది లేదా మొత్తానికే కనిపించదు. పగటి మెరుపులకు ఎన్‌డీ ఫిల్టర్ వాడమని ఇచ్చే సలహా తరచు వినిపిస్తుంది కాబట్టి ఈ లెక్కను ఇంత విడమరచి చెప్పవలసి వచ్చింది.

పగలు గీత స్పష్టంగా రావాలంటే షట్టర్ సమయం తక్కువగా ఉండి తీరాలి: పావు సెకను, ఆరో వంతు, ఎనిమిదో వంతు. అంత చిన్న ఎక్స్‌పోజర్లను ఎడతెగకుండా తీయబోతే కెమెరా బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది, ఫ్రేముల నడుమ ఖాళీల వాటా పెరుగుతుంది, గంటకు వేల ఫైళ్లు పోగుపడతాయి. ఇక్కడ ట్రిగ్గర్ తన ధరకు న్యాయం చేస్తుంది. కొమ్మలు పోతే పోయాయి, ప్రధాన గీత దక్కుతుంది. నల్లటి మేఘం, దాని కింద వాన తెర, పచ్చని పొలం, వాటి నడుమ గీత, ఇలా పగటి వెలుగులోనే సాధ్యమయ్యే దృశ్యం ఏర్పడుతుంది. షట్టర్ సమయాన్ని మరీ తగ్గించి యాభయ్యో వంతుకో నూరో వంతుకో పోకూడదు. తరువాతి దెబ్బలు పడకముందే షట్టర్ మూసుకుపోతుంది. ఎపర్చర్‌ను ఎఫ్/11 ప్రాంతంలో ఉంచి, ఐఎస్ఓను కనిష్ఠానికి దించి, షట్టర్‌ను పావు సెకనుకు దగ్గరగా ఉంచుకోవడం అనుభవజ్ఞుల వాడుక.

సూర్యాస్తమయం తరువాతి ముప్పావు గంటలో రెండు పద్ధతులూ సమానంగా పనిచేస్తాయి. ఆ వేళలో ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్లను రిమోట్‌తో వరుసగా తీస్తూ, చీకటి చిక్కబడే కొద్దీ సమయాన్ని పెంచుకుంటూ పోవచ్చు. నీలం ఇంకా మిగిలి ఉన్న ఆకాశం మీద మెరుపు గీత పడినంత అందం నడిరేయి ఫొటోల్లో రాదని నా అభిప్రాయం.

కొత్త కెమెరాల్లోని రెండు సౌకర్యాలు

ప్రీ క్యాప్చర్ అంటే, షట్టర్ బటన్‌ను సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా ఫ్రేములను తాత్కాలికంగా దాచుకుంటూ, పూర్తిగా నొక్కగానే అంతకు ముందరి కొన్నిటిని కూడా కార్డులో భద్రపరచడం. 2016లో వచ్చిన ఒలింపస్ ఇ-ఎం1 మార్క్ 2లో ఇది ప్రో క్యాప్చర్ పేరుతో ఉంది. ఆ తరువాత ఇతర కంపెనీల కెమెరాల్లోకీ వచ్చింది. జరిగిపోయిన క్షణాన్ని వెనక్కి తెచ్చుకునే ఈ ఏర్పాటు మెరుపుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది, కాని ఇందులో ఒక మెలిక ఉంది. ఇది ఎలక్ట్రానిక్ షట్టర్‌తో పనిచేస్తుంది, చాలా సెన్సర్లు బొమ్మను పైనుంచి కిందికి వరుసవారీగా చదువుతాయి, మెరుపు ఆ చదువు మధ్యలో వెలిగితే ఫొటోలో ఒక అడ్డ పట్టీ మాత్రం వెలుగుతో నిండి మిగతాది చీకటిగా ఉంటుంది. గీత పైభాగం ఒక ఫ్రేములో, కిందిభాగం మరో ఫ్రేములో పడటమూ జరుగుతుంది. 2023లో ప్రకటించిన సోనీ ఎ9 3లో మాదిరిగా మొత్తం సెన్సర్‌ను ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ ఉన్నచోట ఈ పట్టీల సమస్య లేదు. అంత ఖరీదైన కెమెరాను మెరుపుల కోసం కొనేవారు అరుదు. ఇప్పటికే ప్రీ క్యాప్చర్ ఉన్న కెమెరా చేతిలో ఉంటే పగటి మెరుపులకు ట్రిగ్గర్ కొనే ముందు దీనితో ఒక సాయంత్రం ప్రయత్నించి చూడటం సబబు.

లైవ్ కాంపోజిట్ 2014లో ఒలింపస్ ఇ-పీఎల్7తో వచ్చింది. మొదటి ఫ్రేమును పునాదిగా తీసుకుని, తరువాతి ఫ్రేముల్లో అంతకన్నా వెలుగు ఎక్కువైన బిందువులను మాత్రమే కెమెరా దానికి చేరుస్తుంది. ఊరి దీపాలు పెరగవు, కొత్తగా వెలిగిన మెరుపులు మాత్రం ఒక్కొక్కటే బొమ్మలోకి వచ్చి చేరుతుంటాయి. తెర మీద ఆ బొమ్మ పెరగడాన్ని చూస్తూ కూర్చోవచ్చు. నగరపు వెలుగు ఎక్కువైన చోట ఇది నిజంగా ఉపయోగం. కాని ఒక పెద్ద మెరుపు మేఘమంతటినీ తెల్లగా మార్చిందంటే అప్పటిదాకా కూడిన అరగంట బొమ్మ పాడైనట్లే, దానిని విడదీయడానికి వీలుండదు. ఇదే ఫలితాన్ని విడివిడి ఫ్రేములు తీసి, ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో లైటెన్ విధానంతో (ప్రతి బిందువు వద్ద ఎక్కువ వెలుగున్నదే మిగిలేలా) పేర్చి సాధించవచ్చు. పాడైన ఫ్రేమును పక్కన పెట్టే స్వేచ్ఛ అప్పుడు మన చేతిలో ఉంటుంది కనుక నేను ఈ దారినే ఇష్టపడతాను. ఎలా చేసినా, అరగంటలో పడిన ఏడెనిమిది మెరుపులు ఒకే క్షణంలో పడినట్లు చూపే బొమ్మ కింద అది కూర్పు అని రాయడం మర్యాద.

ఫోను సంగతి

చాలా ఫోను కెమెరాలకు ఉన్న ప్రధాన పరిమితి ఎపర్చర్‌ను మార్చలేకపోవడం. ఎఫ్/1.8 లెన్సు ఎఫ్/8తో పోలిస్తే సుమారు 20 రెట్లు ఎక్కువ కాంతిని సెన్సర్ మీద పడనిస్తుంది. దగ్గరి మెరుపు అలాంటి లెన్సులో గీతలా కాక తెల్లటి మరకలా వస్తుంది. దూరపు మెరుపులకు ప్రో మోడ్‌లో ఐఎస్ఓను కనిష్ఠానికి దించి, ఫోనును దేనికైనా ఆనించి, నాలుగైదు సెకన్ల ఎక్స్‌పోజర్ తీస్తే సామాజిక మాధ్యమాలకు చాలినంత మంచి ఫొటో వస్తుంది. నైట్ మోడ్‌ను మాత్రం నమ్మకూడదు. అది అనేక ఫ్రేములను కలిపి, ఒక్క ఫ్రేములోనే ఉన్న తేడాను దోషంగా భావించి తొలగించే అవకాశం ఉంది.

వీడియో తీసి ఫ్రేము తీసుకునేవారు షట్టర్‌ను 25 ఫ్రేముల వీడియోకు 25వ వంతుకు పెట్టుకోవాలి. వీడియోకు వాడుకగా పెట్టే 50వ వంతులో సగం సమయం ఏదీ నమోదు కాదు. 4కె వీడియో ఫ్రేములో దక్కేది 80 లక్షల పిక్సెళ్లకు కాస్త పైన మాత్రమే. అడ్డ పట్టీల బెడద ఇక్కడా ఉంటుంది. అయితే స్టిల్ కెమెరా ఇవ్వలేని ఒక ఆనందం ఫోనులో ఉంది. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్లే కనుక, మొదటి దెబ్బ కొమ్మలతో వెలగడం, కొమ్మలు ఆరడం, పదీ పన్నెండు ఫ్రేముల తరువాత ప్రధాన మార్గం ఒక్కటే మళ్లీ వెలగడం ఎవరికి వారు చూసుకోవచ్చు. ట్రిగ్గర్ ఫొటోల్లో కొమ్మలు ఎందుకు రావో నమ్మనివారికి దీన్ని మించిన రుజువు అక్కరలేదు.

ఒంటి మీదికి తెచ్చుకోకుండా

పద్ధతిని ఎంచుకునేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోని అంశం, ఆ సమయంలో మనం ఎక్కడ ఉంటామన్నది. ఫోనును చేతితో పట్టుకున్నవారు బయటే నిలబడవలసి వస్తుంది. రిమోట్‌ను బిగించిన కెమెరా గాని, ట్రిగ్గర్ గల కెమెరా గాని బాల్కనీలోనో కిటికీ దగ్గరో తన పని తాను చేసుకుంటుంది, మనం గదిలో కూర్చోవచ్చు. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించడానికి పట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే మేఘం 10 కిలోమీటర్ల లోపల ఉన్నట్లు, అప్పుడు డాబా మీద, సముద్రపు ఒడ్డున, పొలం గట్టున ఉండటం ప్రమాదం. చిన్నప్పుడు పెద్దలు అర్జున ఫల్గుణ అనుకోమన్నది ధైర్యం కోసం. లెక్క మాత్రం సెకన్లదే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ మనం ఉన్నచోటికి 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. విశాఖలో కైలాసగిరి మీది నుంచి ఊరి దీపాలు, డాల్ఫిన్స్ నోస్, దాని వెనుక సముద్రం ఒకే ఫ్రేములో వస్తాయన్నది నిజమే. అయినా మెరుపుల వేళ కొండ ఎక్కడం తగదు, ఎంత మంచి దృశ్యమైనా.

గది లోపలి నుంచి తీసేవారు దీపాలు ఆర్పి, లెన్సును కిటికీ అద్దానికి ఆనించాలి. తీరప్రాంతపు ఉక్కపోతలో ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బాల్కనీలోకి తెస్తే లెన్సు ముందు అద్దం పొగమంచు పట్టినట్లు మసకబారి, తేరుకోవడానికి పావుగంట పైనే పడుతుంది; వాన సూచన కనిపించగానే కెమెరాను సంచిలోనే ఉంచి బయట పెట్టడం మంచిది. ఫోకస్‌ను దూరపు టవర్ దీపం మీద లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పెద్దది చేసి సరిచూసి, మాన్యువల్‌కు మార్చి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించుకోవాలి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మి తీసినవి చాలావరకు మెత్తగా వస్తాయి.

ట్రిగ్గర్‌కు డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష

పగటి మెరుపుల మీద నిజంగా మక్కువ ఉన్నవారు స్నేహితుల ట్రిగ్గర్‌ను ఒక్కరోజు అడిగి తెచ్చుకుని, మల్టీ మోడ్ (వెంటవెంటనే అనేకసార్లు వెలిగే ఏర్పాటు) గల ఒక ఫ్లాష్‌తో తమ కెమెరా జాప్యాన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. చీకటి గదిలో నల్లటి దుప్పటిని గోడకు వేలాడదీసి, ఫ్లాష్‌ను సెకనుకు 20 సార్లు చొప్పున మొత్తం ఐదుసార్లు వెలిగేలా పెట్టాలి. కెమెరాను మాన్యువల్ ఫోకస్‌లో, అర సెకను షట్టర్‌లో ఉంచి, దుప్పటి ముందు ఒకరు తెల్లకాగితాన్ని చరచరా అడ్డంగా కదుపుతుండగా ఫ్లాష్ వెలిగిస్తే, మొదటి వెలుగుకు ట్రిగ్గర్ మేల్కొని షట్టర్‌ను తెరిపిస్తుంది. ఫొటోలో కాగితం నాలుగుచోట్ల కనిపిస్తే కెమెరా జాప్యం 50 మిల్లీసెకన్ల లోపే. మూడుచోట్ల అయితే 50కీ 100కీ నడుమ. రెండే కనిపిస్తే 100 దాటినట్లు. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌ను ఆన్, ఆఫ్ చేసి రెండుసార్లు తీసి చూస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. నాలుగు కాగితాలు కనిపించిన కెమెరాకు ట్రిగ్గర్ కొనుక్కోవచ్చు. రెండే కనిపించిన కెమెరా ఉన్నవారు ఆ డబ్బుతో గాలికి ఊగని ట్రైపాడ్ కొని, చీకటి పడేదాకా ఆగడం మేలు.